సగం నీలం

సెప్టెంబర్ 9, 2024

రంగు సరిగా రాలేదు. ఈరోజుకు రాయాల్సింది ఇదొక్కటే.

నగరి నుంచి వచ్చిన మగ్గాలవాళ్ళ పిల్లాడి రక్తం చక్రధర్ పంపించాడు. చక్రధర్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు పిల్లల డాక్టరు. గడ్డ మీద గడ్డ లేస్తున్న పిల్లలు కనబడితే ముందు నాకే పంపిస్తాడు. ఆ పిల్లాడి స్లైడులో ఒక్క కణం కూడా నీలం కాలేదు. నేను అనుకున్న జబ్బే. పాపం అనుకున్నాను, రిపోర్టు రాసిచ్చాను. తేడా వచ్చింది పక్క స్లైడులో.

రోగి రక్తం పక్కన ఎప్పుడూ ఏ జబ్బూ లేనివాళ్ళ రక్తం ఒకటి పెట్టి చూడాలి. అందులో కణాలన్నీ నీలం అయితేనే రంగు మందు బాగున్నట్టు, మన చెయ్యి బాగున్నట్టు. మా ల్యాబ్‌లో ఆ జబ్బులేని మహానుభావులు ఎవరయ్యా అంటే మేమే, మా ఇళ్ళలో వాళ్ళే. ఇన్నేళ్ళుగా గుచ్చుకుని గుచ్చుకుని నా చెయ్యి జల్లెడ అయింది. ఇప్పుడు నాకు జ్వరం, మాత్రలు మింగుతున్నాను, నాది పనికిరాదు. ఐశ్వర్య చవితి పండక్కి పిల్లాడితో వచ్చి ఇంట్లోనే ఉంది కదా అని పొద్దున కాఫీ తాగుతూ చెయ్యి చాపమన్నాను.

"కూతురని గూడా సూడవు గదా నాయనా. దోమ నయం నీకంటే" అని నవ్వుతూ చాపింది.

దాని స్లైడులో సగం కణాలు నీలం అయ్యాయి. సగం కాలేదు.

మందు పాతబడింది. కొత్త సీసా తెప్పించాలి.

సెప్టెంబర్ 12

కొత్త సీసా వచ్చింది. జ్వరం కూడా పోయింది. నాది ఒకటి, ఐశ్వర్యది ఒకటి పెట్టి చూద్దామని పొద్దున మళ్ళీ సూది తీశాను. వంటింట్లోంచి మా ఆవిడ చంద్రకాంత కేక వేసింది.

"మొన్ననే గదా తీసినారు? పాలిచ్చే బిడ్డ అది. మళ్ళా ఎందుకు?"

"మొన్నటి మందు బాగలేదే" అన్నాను.

నాది: అన్నీ నీలం.

ఐశ్వర్యది: సగం.

దాని రక్తం స్కూటర్ డిక్కీలో ఎండలో తెచ్చాను. నాది ల్యాబ్‌లో కూర్చుని తీసుకున్నాను. అందుకే తేడా. ఎండకు కణాలు చచ్చిపోతాయి, కొత్తగా చేరిన విద్యార్థికి కూడా తెలిసిన సంగతి.

సెప్టెంబర్ 13

ఎండకు చచ్చేవైతే అన్నీ చావాలి. సగమే ఎందుకు చస్తాయి?

సెప్టెంబర్ 14

స్లైడ్లు కడిగేశాను. చెడిపోయిన స్లైడ్లు దాచుకోవడం మంచి అలవాటు కాదు.

సెప్టెంబర్ 22

ఐశ్వర్య కొడుకు సుబ్బుకు ఎడమ చంక కింద గడ్డ ఉంది. టీకా వేసింది కూడా ఆ చేతికే. టీకా వేసిన చాలామంది పిల్లలకు అలా లేస్తుంది, తనంతట తనే పోతుంది. ఈ మాట నేనే ఎందరో తల్లులకు చెప్పి పంపించాను. కాకపోతే వీడిది పోవడం లేదు. మొదట బఠాణీ గింజంత అన్నారు, ఇప్పుడు ఉసిరికాయంత ఉంది. వాడికి మాత్రం ఏమీ పట్టలేదు. నా కళ్ళజోడు లాక్కుని చప్పరిస్తాడు.

చంద్రకాంత వాడికి నూనె రాస్తూ ఆ గడ్డ మీద చెయ్యి ఆపింది.

"మా తమ్ముడికి గూడా ఈడనే లేసింది" అంది.

తమ్ముడు ఒకడు ఉండేవాడని, చిన్నప్పుడే పోయాడని తెలుసు. నరేంద్ర అని పేరు. ఎలా పోయాడో ఇన్నేళ్ళ కాపురంలో ఆమె చెప్పలేదు, ఈరోజు చెప్పింది.

"ఎముక సంగతేమో అని పుత్తూరు కట్టు వైద్యుల కాడికి తీసకపోయినాడు మా నాయన. వాళ్ళు సూసి, ఇది మా కట్టుకు లొంగేది గాదప్పా, పెద్దాసుపత్రికి పోండన్యారు. ఆడ కోసినారు. ఈడ మానితే ఇంగో చోట లేసేది. ఆఖర్న కడుపులో లేసింది. మూడేండ్లు గూడా నిండలా."

ఐశ్వర్య పిల్లాడిని లాక్కుని, "ఊరుకోమ్మా, మంచీ చెడ్డా లేకుండా" అని కసిరింది.

నేను పేపరు చదువుతున్నాను. చదువుతూనే ఉన్నాను. తర్వాత చూస్తే అది నిన్నటి పేపరు.

సెప్టెంబర్ 23

ఒక్క చుక్క రక్తం. అరగంట పని. రేపు చూద్దాం.

సెప్టెంబర్ 29

ఈవారం ల్యాబ్‌లో ఊపిరి సలపని పని. పదవీ విరమణ అంటే ఇంత గోల ఉంటుందని తెలిస్తే నలభయ్యో ఏటే చేసుండేవాణ్ణి.

అక్టోబర్ 6

పుట్టు వెంట్రుకలు తీయించడానికి అందరం తిరుమల వెళ్ళాం. చిత్తూరు నుంచి అల్లుడు మోహన్‌కృష్ణ, వాళ్ళ అమ్మ వరదమ్మ వచ్చారు. అల్లుడు ట్రాక్టర్ల షోరూములో పని చేస్తాడు, ఊళ్ళో చేను, ఆవులు వరదమ్మ చూసుకుంటుంది. ఘాట్ బస్సులో మలుపు మలుపుకూ సుబ్బు కేరింతలు కొడుతుంటే బస్సంతా వాడినే చూసింది. వరదమ్మ దిష్టి తగులుతుందని కొంగు కప్పేసింది.

గుండు చేస్తున్నప్పుడు వాడు ఒక్కసారిగా తల తిప్పాడు. చెవి వెనకాల చిన్న గీత పడింది. గంధం పూశారు. బోడి తలతో అచ్చం మా నాయనలాగే ఉన్నాడు, ఆ మాటంటే చంద్రకాంత ఒప్పుకోదు.

మొక్కు తీరిందని అందరూ సంతోషంగా ఉన్నారు. నేనూ దండం పెట్టుకున్నాను. ఏమి కోరుకున్నానో ఇక్కడ కూడా రాయను.

అక్టోబర్ 13

గీత మానలేదు. చీము పట్టింది. ఆయింట్‌మెంట్ రాశాను.

చక్రధర్‌కు చూపించవచ్చు. చూపిస్తే చంక కింద కూడా తడిమి చూస్తాడు. చూస్తే నా వైపు చూస్తాడు. నా పదవీ విరమణ సభ అయ్యాక చూపిద్దాం.

అక్టోబర్ 16

సన్మాన సభలో మాట్లాడాల్సింది రాసుకుంటున్నాను. ఇంగ్లీషు వద్దు, అందరికీ అర్థమయ్యేలా తెలుగులో చెప్పమన్నారు.

"మన రక్తంలో తెల్ల కణాలు కాపలావాళ్ళు. ఏ పురుగు లోపలికొచ్చినా పట్టుకుని మింగేస్తాయి. మింగితే చాలదు, చంపాలి. అందుకు వాటి దగ్గర ఒక ఎంజైమ్ ఉంది. అది మనం పీల్చే ఆక్సిజన్‌నే తీసుకుని బ్లీచింగ్ పొడి లాంటి ఘాటైన సరుకు తయారుచేసి ఆ పురుగు మీద పోస్తుంది. నా జీవితమంతా ఈ ఒక్క ఎంజైమ్ వెంట తిరగడంతోనే గడిచిపోయింది. అది లేకుండా పుట్టే పిల్లలు ఉంటారు. వాళ్ళ కణాలు పురుగును మింగుతాయి, చంపలేవు. మనల్ని ఏమీ చేయని బూజు కూడా వాళ్ళ ఊపిరితిత్తుల్లో మొలుస్తుంది. ఎక్కువగా మగపిల్లలకే, తల్లి వైపు నుంచి వస్తుంది. తల్లికి పైకి ఏమీ కనిపించదు. ఆమె కణాల్లో సగం పనిచేస్తాయి, సగం చేయవు. బతకడానికి ఆ సగం చాలు. ఆమెకు పుట్టే కొడుకుకు మాత్రం"

ఈ పేరా తీసేయాలి. శాలువాలు కప్పే సభలో ఇంత శాస్త్రం ఎవరికి కావాలి.

అక్టోబర్ 17

కొడుక్కి వచ్చి తీరాలని లేదు. ఇద్దరు కొడుకులుంటే ఒకడికి రావచ్చు, ఒకడికి రాకపోవచ్చు. సగానికి సగం అవకాశం వీడికి ఏమీ లేదనే. నేను పరీక్ష చేయనంతవరకూ ఆ సగం మా చేతిలో ఉన్నట్టే.

ఒకవేళ ఉందని తేలితే? తప్పు తల్లి రక్తానిదని వరదమ్మకు తెలిస్తే? ఐశ్వర్య ఆ ఇంట్లో మళ్ళీ తలెత్తుకుంటుందా? నా కూతురి కాపురం గురించి నేను కాకపోతే ఎవరు ఆలోచిస్తారు?

అక్టోబర్ 19

సభ బాగా జరిగింది. శాలువాలు ఎన్ని కప్పారంటే చెమటతో తడిసిపోయాను. గడ్డలు లేచే పిల్లల గురించి చెప్పాను. "బిడ్డ ఒంటి మీద మానని గడ్డ కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఆలస్యమే అసలు జబ్బు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఐశ్వర్య ఒళ్ళో సుబ్బు కూడా చూసి చూసి చప్పట్లు కొట్టాడు.

చివర్లో ఒకావిడ లేచి, పిల్లలకు రోగనిరోధక శక్తి పెరగాలంటే ఏం చేయాలి సార్ అని అడిగింది. "మట్టిలో ఆడుకోనివ్వండి" అన్నాను. మళ్ళీ చప్పట్లు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వాంతి అయింది. హోటలు భోజనం పడలేదు.

అక్టోబర్ 28

అల్లుడు వచ్చి తీసుకెళ్ళాడు. చెనక్కాయలు పీకుతున్నారట. "మా అమ్మ ఒక్కతే ఉండాది మామా. పిల్లోడు చేలో తిరిగితే అమ్మకీ సంతోషం" అన్నాడు.

కారు దగ్గర నిలబడ్డాను. ఐశ్వర్య కిటికీలోంచి, "ఏంది నాయనా, ఏదో చెప్పాలని వచ్చినట్టుండావు" అంది.

"ఏం లేదమ్మా. వాన మబ్బుండాది, నిదానంగా పొమ్మను" అన్నాను.

సుబ్బు నా వేలు వదల్లేదు. మోహన్‌కృష్ణ నవ్వుతూ విడిపించాడు.

కారు మలుపు తిరిగాక చంద్రకాంత నన్ను చూసింది. "మీ మొగమేంది, అట్ట సున్నం కొట్టినట్టుండాది?" అంది. ఎండ అన్నాను. ఎండ లేదు.

నవంబర్ 5

వాన.

నవంబర్ 11

వాన ఇంకా వదల్లేదు. పీకిన చెనక్కాయ చెట్లు చేలోనే తడిసిపోయాయని అల్లుడు ఫోనులో వాపోయాడు. పిల్లాడెలా ఉన్నాడని అడిగాను. బాగున్నాడన్నాడు. గడ్డ గురించి అడగబోయి, ధర ఎలా ఉందని అడిగాను.

నవంబర్ 17

సాయంత్రం ఐశ్వర్య వీడియో కాల్ చేసింది. ఎండ కాసిందట. ఇంటి ముందు పసారాలో తడిసిన చెట్లను పెద్ద కుప్ప పోసి, చుట్టూ కూర్చుని కాయలు కోస్తున్నారు. కాయలు కోసేసిన చెట్లనే కట్టె అంటారు, దాన్ని ఆవుల మేతకు వామి వేస్తారు. ఆ కుప్ప నడిమధ్యన సుబ్బు కూర్చున్నాడు. రెండు చేతులా కట్టెను ఎత్తి మీద పోసుకుంటున్నాడు, అందరూ నవ్వుతున్నారు. వాడు ఎత్తి పోసిన ప్రతిసారీ తెల్లటి పొడి లేచింది. ఫోనులో కూడా కనిపించింది. అది మట్టి కాదు, బూజు. ఎన్ని గాజు గిన్నెల్లో పెంచి చూశాను దాన్ని!

"వాడిని ఆడ్నించి తియ్యి" అన్నాను.

"ఏంది నాయనా?"

"ఆ కుప్ప మీదనించి దించమంటుండానే! లోపలికి తీసకపో!"

వరదమ్మ ఫోనులోకి వంగి, "ఏం కాదులేన్నా. వాళ్ళ నాయన గూడా ఈ కట్టెలోనే పెరిగినాడు" అంది.

ఐశ్వర్య నవ్వింది. "మట్టిలో ఆడుకోనీండని మైకులో చెప్పింది నువ్వే గదా నాయనా? ఊరోళ్ళ పిల్లోళ్ళకు ఒక మాట, నీ మనవడికి ఒక మాటనా?"

అందరూ నవ్వారు. ఎందుకు దించమన్నానో చెబితే సరిపోయేది. ఒక్క వాక్యం. నా నాలుక మీదే ఉంది. చుట్టూ కూలి ఆడవాళ్ళు, పక్కన వరదమ్మ. నలుగురిలో చెప్పే మాట కాదది అనుకున్నాను. కాసేపాగి ఐశ్వర్యకు విడిగా ఫోను చేద్దామనుకున్నాను.

నవంబర్ 18

చేయలేదు. ఒక్కసారి పీల్చినంత మాత్రాన ఏమీ కాదు.

నవంబర్ 19

ఒక్కసారి చాలు. దాని మీద నేనే వ్యాసం రాశాను.

నవంబర్ 26

సుబ్బుకు దగ్గు. "వానల దగ్గులే నాయనా, ఈడ అందరికీ ఉండాది" అంది ఐశ్వర్య. తిరుపతి తీసుకు రమ్మన్నాను. అల్లుడికి సెలవు దొరకలేదట, ఆదివారం వస్తారు.

నవంబర్ 30

జ్వరం వచ్చింది. చిత్తూరులో చూపించి సిరప్పు రాయించుకున్నారు. తగ్గితే ఆదివారం వస్తాం, లేకపోతే ముందే వస్తాం అన్నారు. ఆదివారం రేపే కదా, ముందే అంటే ఎప్పుడు? అరిచాను. కారు మాట్లాడుకుని ఇప్పుడే బయల్దేరండి అన్నాను.

చక్రధర్‌కు ఫోను చేసి మంచం సిద్ధం చేయించాను. "మామూలు దగ్గుకు ఇంత హడావిడి ఏంది సార్, మనవడని గాబరా పడతుండారా?" అన్నాడు. అవునన్నాను.

డిసెంబర్ 2

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి తెల్లగా ఉంది. గాజు గదిలో పెట్టారు. ముక్కుకు గొట్టం. బోడి తల మీద వెంట్రుకలు కొంచెం కొంచెం మొలిచాయి. నన్ను చూసి చెయ్యెత్తాడు, కళ్ళజోడు కోసం.

చక్రధర్ నన్ను పక్కకు పిలిచాడు. "ఇది మామూలు న్యుమోనియా మాదిరి లేదు సార్. చంకలో గడ్డ, చెవెనక చీము, ఇప్పుడు వీళ్ళు చెప్పే ఈ కట్టె బూజు. మీకు నేను చెప్పాల్నా? మీ పరీక్ష చేద్దాం. రిజల్టు వచ్చేదాకా ఆగను, బూజు మందు ఇప్పుడే మొదలుపెడతా. చేసేది మాత్రం మీరే చేయండి, మీ చేతి మీద నాకు నమ్మకం."

పిల్లాడి రక్తం తీశారు. వాడు ఏడవలేకపోయాడు, మూలిగాడు. నేను ఆ రక్తం గొట్టం పట్టుకుని బయటికొస్తే బెంచీ మీద అందరూ ఉన్నారు. ఐశ్వర్య లేచి చీర కొంగు భుజం మీదికి ఎగదోసి, చెయ్యి చాపింది.

"పక్కన పెట్టేదానికి నాది తీస్కో నాయనా. మంచిది ఒకటి ఉండాల గదా?"

"నీది వద్దులేమ్మా."

"ఏం? నాకు జరమేం లేదే?"

చాపిన చెయ్యి అలాగే ఉంది. వరదమ్మ చూస్తోంది, అల్లుడు చూస్తున్నాడు, చంద్రకాంత చూస్తోంది. అబద్ధమేదైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

"నీది పనికిరాదమ్మా. నీ కణాల్లో సగమే పని చేస్తాయి. నీకేమీ కాదు. నీనించి పిల్లోడికి వచ్చిందేమో అని నా అనుమానం."

దాని చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

ఇన్నాళ్ళూ నేను ఎవరికి భయపడ్డానో ఆ వరదమ్మ లేచి వచ్చింది. "ఎవురి రత్తమైతే ఏందన్నా? నా మనవడు గాకుండా పోతాడా? ముందు బిడ్డను బతికించు" అంది. తర్వాత నేల మీద కూలబడి తల కొట్టుకుంది. "ఆ కట్టె మీద కూసోబెట్టింది నేను. నువ్వు తియ్యమంటే నవ్వితిని. నా చేతులారా నేనే చేసుకున్యా."

నీ తప్పేం లేదమ్మా అని ఎవరో అనాలి. ఐశ్వర్య అంది. నేను అనలేదు.

అప్పుడు ఐశ్వర్య నా వైపు తిరిగి అడిగింది. "నీకెప్పుడు తెలిసింది నాయనా?"

"నిన్న" అన్నాను.

నా చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. "నువ్వుండబట్టి సరిపోయింది నాయనా. లేకుంటే ఇదంతా మాకు యాడ తెలిసేది?"

డిసెంబర్ 3

సుబ్బుది: ఒక్క కణం కూడా నీలం కాలేదు.

పక్కన నాది పెట్టాను. అన్నీ నీలం. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

రిపోర్టు చక్రధర్ చేతికి ఇచ్చాను. చదివాడు. "వానలకు ముందు తెలిసుంటే రోజూ మాత్రలేసి, ఆ కట్టె దగ్గరికే పోనియ్యకుండా చూసేవాళ్ళం సార్. ఇట్లాంటి పిల్లోళ్ళు స్కూలుకు పోతా ఉండారు నా దగ్గర" అన్నాడు. ఎవరినీ అనలేదు, ఉన్న మాట చెప్పాడు. కొంచెం నిలదొక్కుకుంటే ఎముక మూలుగ మార్పిడికి వేలూరు పంపిద్దామన్నాడు.

నిలదొక్కుకుంటే.

ఐశ్వర్య వార్డులో అందరికీ చెబుతోంది, జబ్బు కనిపెట్టింది మా నాయనే అని.

డిసెంబర్ 5

చంద్రకాంత ఇడ్లీలు కట్టించుకుని ఆసుపత్రికి వచ్చింది. ఐశ్వర్య డాక్టర్ల దగ్గర ఉంది. బెంచీ మీద మేమిద్దరమే. ఆమె పొట్లాలు పక్కన పెట్టి నా ముఖం చూడకుండా అడిగింది.

"చవితికి వచ్చినప్పుడు రెండు తూర్లు తీసినారు దాని రత్తం. రెండోతూరి ఎందుకు తీసినారు?"

మందు బాగలేదని చెప్పాను కదా అన్నాను.

"అప్పుడే తెలుసు మీకు. మా తమ్ముడి సంగతి చెప్తా ఉంటే పేపరు అడ్డం పెట్టుకున్యారు. కారు కాడ నిలబడి నీళ్ళు నమిలినారు. నాకు చదువు లేదు గానీ మీ మొగం సదివేది తెలుసు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"దానికి మాత్రం చెప్పొద్దు. బిడ్డ ఆ గదిలో ఉన్నన్ని దినాలు అది మిమ్మల్ని నమ్ముకునే నిలబడుండాది. అది గూడా లేకుండా చేస్తే కూలిపోతాది. బిడ్డ ఇంటికి రానీ. ఆ తరవాత మీకూ నాకూ మాటల్లేవు."

ఐశ్వర్య చేతిలో ఫిల్ము పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. రెండు రోజులుగా తల దువ్వుకోలేదు, కళ్ళు లోపలికి పోయాయి.

"నాయనా, కొత్త ఎక్స్‌రే. డాక్టర్లు ఏందేందో అంటుండారు, నాకు అర్థం కాలా. నువ్వు సూసి చెప్పు. నువ్వు చెప్తేనే నేను నమ్మేది."

కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. ఎడమ వైపు కూడా తెల్లబడింది. చంద్రకాంత నన్నే చూస్తోంది.

"తగ్గతా ఉండాదమ్మా" అన్నాను.

ఐశ్వర్య గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి వదిలింది. నా పక్కన కూర్చుని, పొద్దున్నుంచి ఏమీ తినలేదంటూ ఇడ్లీ పొట్లం విప్పింది.